బెర్నినా రైలా, అలిషాన్ రైలా?

హైదరాబాద్ నుంచి చిన్న రైలు కోసమే విదేశం వెళ్తే స్విట్జర్లాండ్ బెర్నినాకా, తైవాన్ అలిషాన్‌కా అని మా ఇంట్లో నెల రోజులుగా ఇదే చర్చ. సికింద్రాబాద్‌లో మనం ఎక్కే బండి పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు ఉంటే, బెర్నినాకి 1,000, అలిషాన్‌కి 762 మాత్రమే.

1910లో పూర్తయిన బెర్నినా లైను పళ్ల పట్టా (బండి జారకుండా ఇంజిన్ పళ్లచక్రం పట్టుకుని ఎక్కే మధ్య పట్టా) సాయం లేకుండానే 2,253 మీటర్ల ఎత్తుకెక్కి, బ్రూసియో దగ్గర రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి ఇటలీలోని తిరానోకి దిగుతుంది. మంచుకొండలు కావాలంటే ఇదే. తిరానోలో పిజ్జోకెరి తినాలి. బక్‌వీట్ పాస్తాలో బంగాళాదుంప, క్యాబేజీ, వెన్న, చీజ్ ఉంటాయి, మాంసం ఉండదు కాబట్టి అమ్మకి టెన్షన్ లేదు.

అలిషాన్ అలా కాదు, అంతా అడవి. జపాన్ వాళ్ల కాలంలో కలప దించడానికి వేసిన లైను, చియాయీలో 30 మీటర్ల దగ్గర మొదలై 2,200 మీటర్లు దాటుతుంది. ఎక్కేకొద్దీ చెట్లే మారిపోతాయి, పైన బండి జిగ్‌జాగ్‌లో ముందుకీ వెనక్కీ నడుస్తుంది! దారిలో ఫెన్‌చీహూ స్టేషన్ డబ్బా భోజనానికి పేరు, అన్నం మీద కోడికాలు, పంది మాంసం, కూరలు. పంది తినని వాళ్లు ముందే అడగాలి.

నా ఓటు అలిషాన్‌కే. రైలు దిగగానే వేడన్నం, అది చాలు నాకు.