బోరుకు అప్పా, పొలంలో కుంటా, ఊరి బందా: మెట్ట రైతుకు ఏది మేలు?

"ఏటి బాబూ, బోరుకి అప్పు తీసీమంటావా, కుంట తవ్వించమంటావా?"

చీపురుపల్లి సంతకు వెళ్ళినా, లావేరు వైపు ఆటో కోసం నిలబడినా వేసవిలో నన్ను ఈ మాట అడగనివాళ్ళు లేరు. అందరూ మెట్ట రైతులే. మొక్కజొన్న, గోగు, నువ్వు, చోళ్ళు (రాగులు) వేసేవాళ్ళు. తోటపల్లి కాలవైనా, మడ్డువలస నీరైనా వాళ్ళ చేను దాకా రాదు. 2023లో మా ఇంట్లోనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది కాబట్టి ఊరి బంద (ఊరుమ్మడి చెరువు) సంగతి కూడా కలిపి, మేం ఎలా ఆలోచించామో చెబుతాను.

తాగునీటి సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. దానికి ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్ ఉంది, మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్క ఉంది. ఎండాకాలంలో పాలిచ్చే గేదె ఒక్కటే అంత నీరు తాగేస్తుంది. ఎకరం చేనికి ఒకసారి మందు కొట్టాలంటే దాదాపు 200 లీటర్లు కావాలి. పశువుకీ పైరుకీ కావలసిన ఈ వాడుక నీటికి డబ్బు ఎక్కడ తేవాలన్నదే మన గొడవ.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెంటిలోనూ ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో అందులో సగమే. మనకు వాన లేక కాదు కష్టం. పడిన వాన గెడ్డల్లోంచి సముద్రంలోకి పోతుంది. ఆ తర్వాత సరిగ్గా మొక్కజొన్న పీచు వేసే వేళకు మూడు వారాలు చినుకు ఉండదు. ఆ ఒక్క తడి దొరికితే పంట నిలబడుతుంది.

నేను అన్నిటికంటే ముందు చూసేది ఒకటే. పని చెడితే, నీళ్ళు రాకపోతే, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? వడ్డీ ఎంత, సబ్సిడీ ఎంత అన్నవి దాని తర్వాతే.

బోరు అప్పు దగ్గర ఆ నష్టమంతా రైతుదే. మా చిన్నాన్న పదేళ్ళ కిందట అప్పు తెచ్చి రెండు బోర్లు వేయించాడు. మొదటిదానిలో 200 అడుగులు దాటినా రాతిపొడి తప్ప తడి రాలేదు. రెండోది ఒక పంట కాలం పారి ఎండిపోయింది. నీళ్ళు రాకపోయినా వాయిదాలు మాత్రం ఆగలేదు. పిన్ని గొలుసు అమ్మి కట్టారు. ఆ ఇంటి భోజనాల దగ్గర ఆ మాట ఇప్పటికీ ఎవరూ ఎత్తరు. మన కొండవార భూముల్లో కింద గట్టి రాయి. పగులు తగిలితే నీరు, లేకపోతే లేదు. నాగావళి, వంశధార ఒడ్డు ఇసుక నేలలవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు నీరు పైనే ఉంటుంది, వ్యవసాయ కరెంటు ఉచితం, బోరే మేలు. రాతి నేలవాళ్ళు మాత్రం అప్పు చేసి బోరు వేయొద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

మేం కుంట ఎంచుకున్నాం. ఉపాధి హామీ కింద సన్న, చిన్నకారు రైతు సొంత పొలంలో తవ్వించుకోవచ్చు. ఇంట్లో జాబ్ కార్డు ఉండాలి, మనమూ పనిలోకి దిగాలి. కాంట్రాక్టరు ఉండడు. ఆ పథకంలో కూలికి 60, సామగ్రికి 40 పాళ్ళ లెక్క ఉండేది. అందుకే మట్టిపని సులువుగా మంజూరయ్యేది, పైపులూ మోటార్లూ అంటే ఆగిపోయేవి. 2025 చివర్లో ఆ పథకం స్థానంలో కొత్త చట్టం వచ్చినా, నీటి పనులు అందులోనూ ముఖ్యమైనవే.

మా కుంట పైన పొడవూ వెడల్పూ 12 మీటర్లు, లోతు 2 మీటర్లు, గట్లు ఏటవాలు. నిండితే రెండు లక్షల లీటర్లు. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఒకటి ఇవ్వడానికి సరిపోతుంది. మొదటి ఏడాదే ఆ తడి అక్కరకొచ్చింది. డీజిల్ ఇంజను అద్దెకు తెచ్చి తోడాం. లోపాలూ ఉన్నాయి. ఎర్ర నేల కాబట్టి ఇంకిపోతుంది, సంక్రాంతికి అడుగు కనబడుతుంది. రెండో వానాకాలానికి మూర మేర ఒండ్రు చేరింది. నీరు దిగే చోట చిన్న గొయ్యి తీసి ఒండ్రు అక్కడే ఆగేలా చేశాక కొంత నయం. ఆ నాలుగు సెంట్ల నేల పోయిందని మా నాన్నకు ఇంకా బాధే. అయినా ఒక్క రూపాయి బాకీ లేదు. వాన మొహం చాటేసిన ఏడాది కుంట ఎండుతుందేమో గానీ ఇంటికి నోటీసు రాదు.

మరి పాస్ పుస్తకం లేని కౌలు రైతు ఏం చేయాలి? అతనికి కుంటా లేదు, బోరు అప్పూ లేదు. మిగిలింది ఊరి బంద. పూడిక తీస్తే ఊరి పశువులన్నిటికీ నీరు, చుట్టుపక్కల నేలనూతుల్లో ఊట, ఆ ఒండ్రు తోలుకుంటే ఎర్ర చేలకు బలం. కౌలు రైతు ఎక్కువమంది ఉన్న ఊరైతే కుంటల కంటే ముందు బంద పనే అడగమంటాను. చిక్కల్లా మదుము (నీరు వదిలే తూము) దగ్గర వస్తుంది. మట్టి తీయడానికి డబ్బు దొరుకుతుంది, విరిగిన మదుము తలుపుకు దొరకదు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘం గట్టిగా ఉన్న చోట ఆ తలుపు మారుతుంది, లేని చోట నిండిన నీరు నెలలో కారిపోతుంది.

సోలార్ పంపు గురించీ అడుగుతారు. ఆ పంపులకు సబ్సిడీ ఇచ్చే పీఎం కుసుమ్ పథకంలో ఖర్చులో కేంద్రం 30, రాష్ట్రం 30 శాతం, మిగతా 40 రైతు వాటా. కరెంటు స్తంభం రాని పొలానికి తప్ప మనకు అక్కర్లేదు. పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం డబ్బులో వాన నీటి పనులకు వీలుంది గానీ, తాగునీటి మరమ్మతులకే సరిపోతుంది.

కుంటైనా బందైనా అడగాల్సింది గ్రామసభలో. మామూలుగా అక్టోబరు 2 నుంచి వచ్చే ఏటి పనుల జాబితా తయారవుతుంది. సర్వే నంబరు, జాబ్ కార్డు నకలు పట్టుకెళ్ళండి. పొలంలో వాన నీరు ఏ మూలకు చేరుతుందో ఈ వానల్లోనే చూసి అక్కడ ఒక గుంజ పాతి ఉంచండి. తీర్మానం పుస్తకంలో మీ పని రాశారో లేదో కళ్ళతో చూశాకే సభలోంచి లేవండి.