అవాంటీ కొనేముందు సౌత్ బెండ్ వెళ్ళొచ్చాం

పాత అమెరికన్ కారు కొనాలనుకునేవాళ్ళు ముందు కారు చూడ్డానికి పరిగెడతారు. మేము ముందు దాని జాతకం చూడ్డానికి వెళ్ళాం.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ దగ్గర ఒకాయన 1963 స్టూడ్‌బేకర్ అవాంటీ అమ్మకానికి పెట్టాడు. 28 వేల డాలర్లు అడుగుతున్నాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒరిజినల్ ఆర్2 అని ప్రకటన. ధరంతా ఆ ఒక్క ముక్క మీదే నిలబడింది. ఆర్1 అంటే 240 హార్స్‌పవర్ వీ8. అదే 289 క్యూబిక్ ఇంచుల ఇంజిన్‌కి ప్యాక్స్‌టన్ సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) పెట్టి 289 హార్స్‌పవర్ చేసింది ఆర్2. అయితే సూపర్‌చార్జర్ తర్వాత కూడా బిగించుకోవచ్చు కదా, బానెట్ ఎత్తగానే అది కనిపించినంత మాత్రాన నమ్మలేం. తేల్చుకోవాలంటే స్టూడ్‌బేకర్ పుట్టిన ఊరు, ఇండియానాలోని సౌత్ బెండ్‌లో అడగాల్సిందే.

చికాగో పక్కనున్న నేపర్‌విల్ నుంచి మా బావమరిదిని వెంటేసుకుని బయల్దేరాను. చికాగో వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ఒక హెచ్చరిక: సౌత్ బెండ్‌లో టైమ్ మనకంటే గంట ముందుంటుంది. మధ్యాహ్నం చేరదాం అనుకుంటే మ్యూజియంలో మిగిలేది కాస్త సమయమే. పొద్దున్నే బయల్దేరండి.

స్టూడ్‌బేకర్ నేషనల్ మ్యూజియంలో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. 1852లో కమ్మరి కొట్టుగా మొదలైన కంపెనీ ఇది. హత్య జరిగిన రాత్రి లింకన్ థియేటర్‌కి వెళ్ళిన గుర్రపు బండి ఇక్కడే ఉంది. సౌత్ బెండ్ ఫ్యాక్టరీ 1963 డిసెంబర్‌లో మూతపడ్డాక కెనడాలోని హామిల్టన్‌లో ఉత్పత్తి సాగి, 1966లో ఆగింది. ఆ చివరి కారూ ఇక్కడే. కింది అంతస్తులో ఇనప ర్యాకుల మీద ఒకదానిపై ఒకటి పెట్టిన కార్ల దగ్గర మా వాడు కదల్లేదు.

నాకు కావల్సింది మాత్రం ఆర్కైవ్స్. ఫ్యాక్టరీలో ఒక్కో కారుకి తయారైన ప్రొడక్షన్ ఆర్డర్ కాగితాలు వీళ్ళ దగ్గర భద్రంగా ఉన్నాయి. సీరియల్ నంబర్ ఇచ్చి ఫీజు కడితే కాపీ ఇస్తారు. మేము ముందే రాసి పెట్టుకున్నాం కాబట్టి వెళ్ళేసరికి రెడీగా ఉంది. రంగు, సీట్ల బట్ట, ఇంజిన్ నంబర్, ఏ డీలర్‌కి పంపారు, ఏమేం ఆప్షన్లు పెట్టారు, అన్నీ ఒక్క కాగితంలోనే. ఆర్2 అయితే ఇంజిన్ నంబర్ ఆర్ఎస్‌తో మొదలవ్వాలి. మా కాగితంలో ఒట్టి ఆర్ ఉంది.

"బావా, ఎస్ ఎక్కడ?" అన్నాడు మా వాడు. అదే మరి.

ఆ రాత్రి టోల్ రోడ్ ఎగ్జిట్ పక్కన ఒక చెయిన్ హోటల్‌లో దిగాం. కార్పెట్ ముక్కవాసన, కిటికీ బయట రాత్రంతా ట్రక్కుల హోరు. అక్కడి నోటర్ డేమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న వారం కావడంతో దానికే మామూలు రోజుల రేటుకి రెట్టింపు పోశాం. ఊళ్ళో వెస్ట్ వాషింగ్టన్ స్ట్రీట్ మీద పాత బంగళాల్లో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లున్నాయి, మ్యాచ్ లేని వారం చూసుకుని అక్కడ దిగడం నయం. ఆ వీధిలోనే క్లెమెంట్ స్టూడ్‌బేకర్ 1889లో పూర్తి చేసిన టిపెకనూ ప్లేస్ అనే రాతి భవనం ఉంది, ఇప్పుడది రెస్టారెంట్. శాకాహారులు పెరుగన్నం డబ్బా ఎలాగూ మర్చిపోరు కాబట్టి తిండి గురించి ఎక్కువ చెప్పను.

మర్నాడు ఇండియానాలోనే ఉన్న ఆబర్న్ అనే ఊరు. ఆబర్న్ ఆటోమొబైల్ కంపెనీ 1930లో కట్టుకున్న ఆఫీసు భవనమే ఇప్పుడు ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ మ్యూజియం. అందానికి దీన్ని మించింది నేను చూడలేదు. షోరూమ్ నేల, దీపాలు, మెట్ల రెయిలింగ్ చూస్తుంటే కార్లు చూడ్డమే మర్చిపోతాం. కాకపోతే 60ల నాటి కారు కొనేవాడికి పనికొచ్చేది ఇక్కడ ఏమీ లేదు. టైమ్ తక్కువైతే దీన్ని వదిలేసి మిషిగన్‌లో కాలమజూ దగ్గరున్న గిల్మోర్ కార్ మ్యూజియంకి వెళ్ళండి. 90 ఎకరాల్లో చెదురుగా ఉన్న కొట్టాలు, 1941 నాటి డైనర్ ఒకటి. అన్నిటికన్నా అక్కడి రిటైరైన వాలంటీర్లు మేలు. అవాంటీ అనగానే ఒక పెద్దాయన ఇంకేమీ అడక్కుండా "హాగ్ ట్రఫ్స్ చూశావా?" అన్నాడు.

అవాంటీ బాడీ ఫైబర్‌గ్లాస్, తుప్పు పట్టదు. అందుకే అమ్మేవాళ్ళంతా "రస్ట్ ఫ్రీ" అని రాస్తారు. కానీ తలుపుల కింద రెండు పక్కలా బాడీని మోసే పొడవాటి ఇనప రేకు తొట్లు ఉంటాయి, వాటినే హాగ్ ట్రఫ్స్ అంటారు. నీళ్ళు, బురద అక్కడే నిలుస్తాయి. పైకి కారు నిగనిగలాడుతున్నా లోపల అవి పొట్టు రాలుతుంటాయి.

ఫోర్ట్ వేన్‌లో కారు అమ్మే పెద్దాయన చాలా మర్యాదస్తుడు, జాక్ ఆయనే తెచ్చిచ్చాడు. ముందర గ్రిల్ లేని ఆ మొహం, విమానంలోలాగా డ్రైవర్ తల పైన వరసగా లైట్ల స్విచ్‌లు. ఎవరికైనా మనసు జారుతుంది. మా వాడు మాత్రం టార్చ్ నోట్లో పెట్టుకుని కిందికి దూరాడు. ఎడమ పక్క స్క్రూడ్రైవర్ పిడితో కొడితే ఖంగుమంది. కుడి పక్క వెనక చక్రం దగ్గర కొట్టగానే మెత్తగా దిగింది, గుప్పెడు ఎర్రపొడి వాడి చొక్కా మీద రాలింది. అప్పుడు కుడి తలుపు వేసి చూశాం. వెనక అంచు దగ్గర కొద్దిగా ఎత్తితే తప్ప గొళ్ళెం పడట్లేదు.

ఇంజిన్ బ్లాక్ మీద నంబర్ మా కాగితంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది, ఆర్‌తోనే మొదలు. అంటే ఇంజిన్ ఒరిజినలే, సూపర్‌చార్జర్ మాత్రం తర్వాతెవరో తగిలించింది. ఇది ఒట్టి పేరు సమస్య కాదు. ఆర్1 కంప్రెషన్ (సిలిండర్‌లో గాలీ పెట్రోలూ నొక్కుకుపోయే నిష్పత్తి) 10.25, సూపర్‌చార్జర్ కోసమని ఆర్2కి ఫ్యాక్టరీవాళ్ళే 9కి తగ్గించారు. ఆ మార్పు చేయకుండా గాలి నొక్కితే ఇంజిన్ నాకింగ్‌తో (పెట్రోలు వేళకాని వేళ అంటుకుని) పిస్టన్లు పోయే ప్రమాదం. లోపల పిస్టన్లు మార్చారా అని అడిగితే, తను కొన్నప్పటికే ఇలా ఉందన్నాడు. కాగితం చూపిస్తే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు, కాపీ ఒకటి తీసుకున్నాడు కూడా.

20 వేలకి అడిగాం. 25 వేల కిందికి రానన్నాడు. తొట్లు మార్చాలంటే విడిభాగాలు దొరుకుతాయి గానీ బాడీకి ఆనింపులు పెట్టి చేసే ఆ పని కూలే ఎక్కువ, అందుకని మేమూ పెంచలేదు. ఈలోగా ఒహాయోలో ఇంకో అవాంటీ కనబడింది. ఈసారి ఫోటోలు అడగలేదు, సీరియల్ నంబర్ అడిగాం. ప్రొడక్షన్ ఆర్డర్ కాపీ పోస్టులో కూడా పంపుతారు కాబట్టి, అది వచ్చేదాకా హోటల్ బుక్ చేసే పని పెట్టుకోలేదు.