జలుబు, దగ్గు, ఆయాసం: ఫోన్‌లో డాక్టరా, క్లినిక్‌కు వెళ్ళాలా? ఏది మేలు?

బెంగళూరులో వానలు మొదలైన దగ్గర్నుంచి చలి పోయేదాకా ఇంట్లో ఎవరో ఒకరు దగ్గుతూనే ఉంటారు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగు కుటుంబాల్లో ఒకరికి తగ్గేసరికి ఇంకొకరికి మొదలవుతుంది. బడి నుంచి పిల్ల తెస్తుంది, పిల్ల నుంచి అమ్మకు, అమ్మ నుంచి ఊళ్ళోంచి వచ్చిన తాతయ్యకు. అప్పుడు మన ముందు నాలుగు దారులుంటాయి: యాప్‌లో వీడియో కాల్, దగ్గర్లోని క్లినిక్, సొంత ఊళ్ళో తెలిసిన డాక్టర్‌గారికి వాట్సాప్, మెడికల్ షాపు.

మెడికల్ షాపు సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే దాన్ని మిగతావాటితో పోల్చడం కూడా నాకిష్టం లేదు. "దగ్గుకు ఏదైనా ఇవ్వండి" అనగానే చాలాచోట్ల కౌంటర్ మీదకు ఒక యాంటీబయాటిక్, ఒక అలర్జీ మాత్ర, ఒక సిరప్ వచ్చేస్తాయి. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి, వాటి మీద అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు పనిచేయవు. ఆ స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. పిల్లల సిరప్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు మందు తాగి చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్ళ లోపు వారికి కూడా మామూలుగా వీటిని సిఫారసు చేయడం లేదని చెప్పింది. పారాసెటమాల్, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు కొనడానికి షాపుకు వెళ్ళండి. రోగం ఏమిటో అక్కడ అడగవద్దు.

ఇక అసలు పోలిక వీడియోకూ క్లినిక్‌కూ మధ్య. నా లెక్క ఇది: బాధ ముక్కు, గొంతు దగ్గర ఆగితే వీడియో చాలు. ఛాతీలోకి దిగితే డాక్టర్ దగ్గరికి మనిషి వెళ్ళాల్సిందే.

ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో గరగర, ఒళ్ళు నొప్పులు, రెండు రోజుల జ్వరం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు ఇవి వస్తే డాక్టర్ చేసే పనిలో ఎక్కువ భాగం అడగడమే. ఎప్పటి నుంచి, జ్వరం ఎంత, తిండి తింటున్నారా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, షుగర్, బీపీ ఉన్నాయా. ఇవన్నీ ఫోన్‌లోనూ అడగవచ్చు. పైగా జలుబు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దాని కోసం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంట కూర్చుని, క్లినిక్‌లో ఇంకో పదిమంది దగ్గుల మధ్య ఎదురుచూడటం వల్ల లాభం లేదు. పక్క కుర్చీలో గర్భిణి ఉండవచ్చు, క్యాన్సర్ మందులు వాడుతున్న పెద్దాయన ఉండవచ్చు. మన జలుబును వాళ్ళ దాకా తీసుకెళ్ళకుండా ఇంట్లో ఉండటం కూడా ఒక మంచి పనే.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు వీడియోలో ఇంకో పెద్ద సౌకర్యం ఉంది. అనంతపురం నుంచో కర్నూలు నుంచో మనవళ్ళను చూడటానికి వచ్చిన అత్తయ్యకు దగ్గు పట్టుకుంటే, క్లినిక్‌లో ఆమె మాట్లాడదు, కొడుకు మాట్లాడతాడు. "రాత్రి పడుకుంటే గొంతులో గళ్ళ అడ్డం పడుతోంది, లేచి కూర్చుంటే నిమ్మళంగా ఉంటోంది" అని ఆమె చెప్పింది డాక్టర్ చెవికి "మూడు రోజులుగా దగ్గు" అని చేరుతుంది. పడుకుంటే ఎక్కువ కావడం, కూర్చుంటే తగ్గడం అన్నది గుండె వైపు కూడా ఆలోచించాల్సిన సంగతి. అది మధ్యలో జారిపోకూడదు. చాలా యాప్‌లలో భాషను బట్టి డాక్టర్‌ని ఎంచుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని సేవ అయితే ఉచితం. తెలుగు తెలిసిన డాక్టర్ దొరికితే ఫోన్ అత్తయ్య చేతికే ఇచ్చి, మనం పక్కన కూర్చుంటే చాలు.

మరి ఊళ్ళో డాక్టర్‌గారికి చేసే వాట్సాప్? దీన్ని తీసిపారేయను. ఆయనకు మన ఒంటి తీరు తెలుసు, ఏ మందు పడదో తెలుసు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం దేశంలో రిజిస్టరైన డాక్టర్ ఎవరైనా దేశంలో ఎక్కడున్న రోగినైనా ఫోన్, వీడియో, వాట్సాప్ ద్వారా చూడవచ్చు. కాబట్టి హిందూపురం డాక్టర్ బెంగళూరు రోగిని చూడటంలో తప్పేమీ లేదు. చిక్కంతా మనం అడిగే తీరులో ఉంది. "సార్, దగ్గు, జ్వరం" అని మెసేజ్ పెడతాం. ఆయన ఓపీ మధ్యలో ఒక మాత్ర పేరు పంపిస్తారు. ఏ పరీక్షా లేదు, చీటీ లేదు, ఎన్ని రోజులు వాడాలో కూడా తెలియదు. ఆయనకు వీలున్న సమయం కనుక్కుని వీడియో కాల్ చేసి, ఫీజు కట్టి, రిజిస్ట్రేషన్ నంబరుతో చీటీ తీసుకుంటే అది నిజమైన వైద్యం అవుతుంది.

చీటీ గురించి ఇంకో మాట. అవే మార్గదర్శకాల్లో మందులకు జాబితాలున్నాయి. మొదటిసారి మనల్ని చూస్తున్న డాక్టర్ చాట్‌లోనో, మాటల కాల్‌లోనో రాయదగినవి చీటీ లేకుండా దొరికే మామూలు మందులే. అంతకు మించి రాయాలంటే వీడియోలో చూడాలి. అందుకని కొత్త డాక్టర్ నాలుగు మెసేజ్‌లు చదివి యాంటీబయాటిక్ రాసేస్తే ఆ చీటీని పక్కన పెట్టి వేరే డాక్టర్‌ని చూసుకోండి. క్లినిక్‌లో కూడా అనవసరపు యాంటీబయాటిక్‌లు రాస్తారు, కాదనను. అక్కడ ఇంజెక్షన్ గొడవ కూడా ఉంది. "ఒక సూది వేయించు నాయనా, రేపటికల్లా లేచి తిరుగుతాను" అని మామయ్య అంటారు, డాక్టర్ కాదనలేరు. వైరస్ జలుబుకు ఆ సూది అక్కర్లేదు.

ఇప్పుడు ఛాతీ సంగతి. వీడియో ఎంత స్పష్టంగా ఉన్నా స్టెతస్కోప్ వినిపించేది వినిపించదు. ఒక పక్క ఊపిరి తక్కువగా ఆడుతోందా, అడుగున చిటపటమంటోందా, పిల్లికూతలు ఉన్నాయా అన్నది చెవి పెట్టి వింటేనే తెలుస్తుంది. న్యుమోనియాకూ మామూలు దగ్గుకూ తేడా తేలేది అక్కడే. బెంగళూరులో దీనికి ఇంకా విలువ ఉంది. ఇక్కడి ఆసుపత్రిలో చూసిన పిల్లల్లో ఆస్తమా 1979లో 9 శాతం ఉంటే 1999 నాటికి 29.5 శాతానికి చేరిందని ఈ నగరపు పిల్లల డాక్టర్ హెచ్. పరమేశ్ రాశారు. ఊళ్ళో ఎప్పుడూ లేని ఆయాసం ఇక్కడికొచ్చాక మొదలైందని చెప్పే తెలుగువాళ్ళు మీకూ తెలిసే ఉంటారు.

చిన్నపిల్లల విషయంలో ఊపిరి లెక్కపెట్టడం ప్రతి ఇంట్లో తెలియాలి. పిల్ల ఏడవకుండా నిద్రపోతున్నప్పుడో, నిమ్మళంగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పొట్ట లేచి దిగడాన్ని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు ఇవి: రెండు నెలల లోపు పాపకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40. ఆ అంకెకు చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతుంటే, పెదవులు నీలంగా మారితే, ఎంత లేపినా మత్తుగా ఉంటే యాప్ తెరవవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. బండి లేకపోతే 108కి చేయండి. నగరంలో నిమ్హాన్స్ దగ్గరే పిల్లల ప్రభుత్వ ఆసుపత్రి ఇందిరా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్ ఉంది. దాని పక్కనే ఛాతీ రోగాల కోసం రాజీవ్ గాంధీ సంస్థ ఉంది. ఏడాది లోపు పాపకు దగ్గుతో పాటు జ్వరం ఉంటే నేనైతే వీడియోతో సరిపెట్టను, లక్షణాలు చిన్నవిగా కనిపించినా సరే.

ముసలివాళ్ళకు ఇంకో రకం ప్రమాదం. న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. అన్నం మానేయడం, మాట తడబడటం, రోజంతా మగతగా పడుకోవడం మాత్రమే కనిపించవచ్చు. కోవిడ్ అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ అల్మారాలో ఉంటే తీయండి. వేలికి గోళ్ళ రంగు, గోరింటాకు లేకుండా, చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు చూడండి. ఆక్సిజన్ అంకె 94 కంటే తక్కువ చూపిస్తూనే ఉంటే వీడియో కాల్ సమయం దాటిపోయినట్టే.

ముక్కు, గొంతు అని నేను గీసిన గీతకు మినహాయింపులున్నాయి. చెవిపోటు ఉంటే లోపలికి చూడాలి, అది కెమెరాతో కాదు. గొంతు నొప్పితో గట్టి జ్వరం ఉండి, దగ్గు మాత్రం లేకుండా, మెడ కింద బిళ్ళలు కట్టి, టాన్సిల్స్ మీద తెల్లటి పొర కనిపిస్తే అది బ్యాక్టీరియా కావచ్చు. దానికి డాక్టర్ గొంతు చూడాలి, అవసరమైతే పరీక్ష చేయించాలి. ఇలాంటప్పుడు యాంటీబయాటిక్ నిజంగానే అవసరం పడుతుంది.

గీత ఛాతీ వైపు ఉన్నా వీడియోనే మేలైన సందర్భాలూ ఉన్నాయి. ఆస్తమా ముందే తేలి, ఇన్హేలర్ రాసి ఇచ్చిన వాళ్ళకు తర్వాతి కాల్స్ వీడియోలో బాగా పనికొస్తాయి. మీ ఇన్హేలర్ మీరు మీ ఇంట్లో ఎలా పీలుస్తున్నారో డాక్టర్ చూడగలరు. మందు సగం నోట్లోనే ఆగిపోవడం, స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) వాడకపోవడం, పీల్చాక నోరు పుక్కిలించకపోవడం అప్పుడే బయటపడతాయి. ఇన్హేలర్ అలవాటైపోతుందని భయపడే పెద్దవాళ్ళకు అది అలవాటయ్యే మందు కాదని, నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కాబట్టి చిన్న మోతాదు చాలని డాక్టర్ నోటితోనే చెప్పించవచ్చు. అయితే రోగం ఆస్తమానా కాదా అని మొదట తేల్చడానికి ఊదే పరీక్ష కావాలి, దానికి వెళ్ళాల్సిందే.

మానని పొడి దగ్గుకు కూడా వీడియో పనికొస్తుంది. బీపీ మాత్రల్లో రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి కొందరికి పొడి దగ్గు తెస్తాయి. నాన్నగారి మాత్రల డబ్బా మొత్తం కెమెరా ముందు పెడితే ఆ చిక్కు ఐదు నిమిషాల్లో దొరకవచ్చు. మాత్ర మాత్రం సొంతంగా ఆపవద్దు.

రెండు వారాలు దాటిన దగ్గు వేరు. జలుబు తర్వాత దగ్గు మూడు వారాలు సాగడం మామూలే, కానీ మన దేశంలో రెండు వారాలకు మించిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించాలన్నది జాతీయ టీబీ కార్యక్రమపు నియమం. ఇంకొంచెం చూద్దామని వీడియోలో ఎవరైనా అన్నా, తెమడ పరీక్ష, ఎక్స్‌రే చేయించండి. ప్రభుత్వ కేంద్రాల్లో తెమడ పరీక్ష ఉచితం. అక్కడ చాలాచోట్ల టీబీని పట్టడానికి వాడే ట్రూనాట్ యంత్రాన్ని రూపొందించడంలో బెంగళూరు ల్యాబుదే ముఖ్య పాత్ర. టీబీ కోసం ప్రభుత్వ నిక్షయ్ హెల్ప్‌లైన్ నంబరు 1800-11-6666.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను. ఫీజులో తేడా కంటే సగం రోజు సెలవు, ఆటో ఛార్జీలే పెద్దవి. క్లినిక్‌కు వెళ్ళాల్సి వచ్చి, డబ్బు ఇబ్బందిగా ఉంటే వార్డుల్లోని ప్రభుత్వ నమ్మ క్లినిక్‌లలో డాక్టర్‌కూ, మామూలు మందులకూ ఏమీ కట్టక్కర్లేదు. వీడియో డాక్టర్ "మీరు నేరుగా చూపించుకోండి" అంటే రెండు ఫీజులు అయ్యాయని బాధపడవద్దు. తన హద్దు తెలిసిన డాక్టర్ దొరికాడని సంతోషించండి.

వీడియో పనికిరావాలంటే మన వైపు నుంచి కొంత సిద్ధం కావాలి. కాల్‌కు ముందు జ్వరం, ఆక్సిజన్, ఊపిరి లెక్క కాగితం మీద రాసుకోండి. పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర కూర్చోండి. పిల్లకు చొక్కా తీసి ఛాతీ కనిపించేలా పెట్టండి. కాల్ పెట్టేసే ముందు రెండు విషయాలు అడిగి రాసుకోండి: ఎన్ని రోజుల్లో తగ్గాలి, ఏది కనిపిస్తే వెంటనే రావాలి. ఈ రెండింటికీ సూటిగా జవాబు ఇవ్వని డాక్టర్‌కు రెండోసారి ఫోన్ చేయనవసరం లేదు.

నన్ను ఒకటే ఎంచుకోమంటే రెండూ కలిపిన దారి ఎంచుకుంటాను. ఇంటికి దగ్గర్లో ఒక ఫిజీషియన్‌నీ, పిల్లలుంటే ఒక పిల్లల డాక్టర్‌నీ ముందు నేరుగా కలవండి. నేరుగా చూపించుకున్న ఆరు నెలల లోపు అదే ఇబ్బందికి అదే డాక్టర్‌కు చేసే కాల్‌ను నియమాల్లో కూడా ఫాలో-అప్‌గానే లెక్కిస్తారు, అందులో మందులు మార్చే వెసులుబాటు కూడా ఎక్కువ. ఆ డాక్టర్ వీడియో కాల్స్ తీసుకుంటారో లేదో, ఆదివారం ఎవరిని అడగాలో ఈ వానలు ముదిరేలోపే కనుక్కోండి.