డెమో సింథ్‌తో రెండేళ్ళు: ఎంత మిగిలిందో చెప్పని అరగంట

కంప్యూటర్‌లో రకరకాల శబ్దాలు పుట్టించే సాఫ్ట్‌వేర్‌ని సింథ్ అంటారు. కొనే ముందు వాడి చూడమని ఉచితంగా ఇచ్చేది డెమో. నేను వాడిన ఈ సింథ్ పేరు రాయడం లేదు. రెండేళ్ళు పైసా ఇవ్వకుండా వాడుకున్నవాణ్ణి, ఇప్పుడు పేరు పెట్టి తిడితే బాగుండదు. ఆసిలేటర్లెన్ని (స్వరం పుట్టించే భాగాలు), ఫిల్టర్లెన్ని (ఆ స్వరాన్ని మెత్తగానో పదునుగానో మార్చేవి), ఎఫెక్టులెన్ని అన్నవి వాళ్ళ పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. శబ్దం మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. నా కడుపుమంటంతా ఒక్కదాని మీదే: డెమోలో అరగంట ఇస్తారు, ఆ అరగంటలో ఎంత అయిందో, ఎంత మిగిలిందో ఎక్కడా చూపించరు.

నాకు రాజోలులో చిన్న జెరాక్స్ షాపుంది. సాయంత్రం షట్టర్ దించాక కీబోర్డు ముందు కూర్చుంటాను. మా నాన్న పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు కాబట్టి మెట్లు తెలుసు, రాగాలు కాస్త తెలుసు. సింథసిస్ అంటే, సింథ్‌లో శబ్దాలు తయారుచేయడం, అందులో మాత్రం ఓనమాలు కూడా రావు. ఈ డెమో దించుకున్నది పాటల కోసం కాదు, శ్రుతి కోసం.

శ్రుతికి సింథ్ ఎందుకు, శ్రుతి పెట్టె కొనుక్కోవచ్చుగా అంటారు. ఉంది. మైకు దగ్గర పెడితే దోమ రొదలా వినిపిస్తుంది. పోనీ కీబోర్డులో సా, పా నొక్కి పెడదామంటే ఇంకో చిక్కు. కీబోర్డు పంచమం అసలు పంచమం కన్నా రెండు సెంట్లు తక్కువ. మెట్టుకీ మెట్టుకీ మధ్య వంద సెంట్లు అనుకుంటే అందులో రెండు. పాటలో ఎవరికీ తెలియదు. శ్రుతిలా గంటసేపు సాగదీస్తే మాత్రం తెలుస్తుంది. ఏ స్వరం మోగినా దాని వెంట పైన సన్నగా మోగే స్వరాలుంటాయి, వాటినే హార్మోనిక్కులంటారు. సా తాలూకు మూడో హార్మోనిక్కు, పా తాలూకు రెండో హార్మోనిక్కు సరిగ్గా కలవక ఒక సన్నని అల లేస్తుంది. నాలుగున్నర శ్రుతిలో (సా ఏ మెట్టు మీదో చెప్పే అంకె అది) మంద్రంగా పెడితే సుమారు సెకనున్నరకు ఒకసారి ఊగుతుంది. ఒకసారి చెవికి పట్టిందంటే ఇక అదే వినిపిస్తుంది. ఈ సింథ్‌లో రెండో ఆసిలేటర్‌ని పంచమానికి పెట్టి, సెంట్ల బటన్ రెండు తిప్పితే ఆ అల ఆగిపోతుంది. మొదటిసారి అలా ఆగినప్పుడు పక్క గదిలోంచి నాన్న, "ఏంట్రా, తంబురా తెచ్చావా?" అనడిగారు. ఆ మాటతో నేను పడిపోయాను.

డెమో షరతులు మూడు. తెరిచిన అరగంటకు మూగబోతుంది. మనం చేసుకున్న శబ్దం సేవ్ అవ్వదు. ప్రాజెక్టు సేవ్ చేసి మళ్ళీ తెరిచినా సింథ్ లోపలి సెట్టింగులన్నీ పోయి మొదటికొస్తుంది. ఇన్ని రోజులని గడువు మాత్రం లేదు. మూసి మళ్ళీ తెరిస్తే మళ్ళీ అరగంట. మనవాడికి అంతకన్నా ఏం కావాలి?

సేవ్ అవ్వకపోతేనేం, జెరాక్స్ షాపు మనదే కదా. నా శ్రుతి సెట్టింగుని స్క్రీన్‌షాట్ తీసి ఏ4 కాగితం మీద ప్రింటు కొట్టాను. ఏ బటన్ ఎంతలో ఉండాలో ఎర్ర పెన్నుతో అంకెలు వేసి లామినేషన్ చేయించాను. మొత్తం పద్నాలుగు బటన్లు. మొదట్లో పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టేది, ఆర్నెల్లకు నిమిషం లోపే అయిపోయేది. ఆ కాగితం పుణ్యమా అని ఏ బటన్ ఏం చేస్తుందో కూడా తెలిసింది. మలికిపురంలో చర్చి పాటలకు కీబోర్డు వాయించే కుర్రాడికీ, పాలకొల్లు భజన బృందం వాళ్ళకీ, "డబ్బులెందుకండీ, డెమో చాలు" అని నేనే చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఇంట్లో అయితే చాలు.

ఇంటి గడప దాటించినది మార్గశిరంలో సుబ్రహ్మణ్య షష్ఠి. నరసాపురం వైపు ఒక ఊళ్ళో తీర్థం, రాత్రి హరికథ. చెప్పేది కపిలేశ్వరపురం హరికథా పాఠశాలలో నేర్చుకున్న ఒక భాగవతారిణిగారు. వయొలిన్, మృదంగం ఆవిడ వాళ్ళే. హార్మోనియం ఆయనకు రావడం కుదరలేదని తెలిసినవాళ్ళు నాకు ఫోన్ చేశారు. శ్రుతి ఒక్కటే కదా అని ఒప్పుకున్నాను. లాప్‌టాప్ బ్యాగు వీపున తగిలించుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు మీద బండి ఎక్కించి, గోదారి దాటి వెళ్ళాను.

అంతకుముందే శ్రుతిని రికార్డు చేసి పెట్టుకుని లూప్ వేసుకోవచ్చుగా అని మీరడుగుతారు. వేసుకోవచ్చు. ఆవిడది ఐదు శ్రుతి అని ముందే చెప్పారు కూడా. తీరా వెళ్ళేసరికి, "జలుబు చేసింది బాబూ, ఇవాళ ఐదొద్దు, నాలుగున్నర పెట్టు" అన్నారు. నాలుగున్నర రికార్డు చేసుకుని ఉంటే ఆవిడ నాలుగు అడిగేవారేమో. ఇలాంటివి ఉంటాయని తెలిసే లైవ్‌గా పెట్టుకున్నానని చెప్పుకుంటాను గానీ, నిజానికి సగం బద్ధకమే.

అరగంట సంగతి నేను మర్చిపోలేదు. కథ మొదలైన ఇరవై నిమిషాలకు వచనం ఉంటుందని వయొలిన్ ఆయన చెప్పారు. ఆ వచనంలో సింథ్ మూసి, తెరిచి, లామినేషన్ కాగితం చూసి మళ్ళీ పెట్టేయాలన్నది నా ప్లాను. ప్లానులో తప్పు లేదు. తప్పల్లా ఒక్కటే, ఆ అరగంట శ్రుతి మోగుతున్నంతసేపే లెక్క అనుకున్నాను. వాళ్ళ లెక్క సింథ్ తెరిచినప్పటి నుంచి. ఇంట్లో తెరవగానే వాయిస్తాం కాబట్టి రెండేళ్ళలో నాకా తేడా తెలిసే సందర్భమే రాలేదు.

ఏడూ నలభైకి తెరిచాను. శ్రుతి సరిచూసుకుని వయొలిన్ కట్టుకున్నారు. మైకు టెస్టింగు. తర్వాత కమిటీ ప్రెసిడెంటుగారు నాలుగు మాటలు చెబుతామని మైకు పుచ్చుకున్నారు. నాలుగు మాటల్లో గుడి ప్రాకారం ఖర్చు, దాతల పేర్లు, పోయినేడాది వర్షానికి పడిపోయిన పందిరి అన్నీ వచ్చాయి. ఆ తర్వాత శాలువాలు. నాకూ ఒకటి కప్పారు. ఇన్ని జరుగుతుంటే లాప్‌టాప్ లోపల అరగంట కరిగిపోతూనే ఉంది. కథ మొదలయ్యేసరికి ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువ.

కథ వల్లీ కళ్యాణం. కుమారస్వామి ముసలివాడి వేషంలో వల్లి దగ్గరికొచ్చి తేనె అడుగుతున్నాడు. భాగవతారిణిగారు నడుం వంచి, చిరతలు మోగిస్తూ ముసలి గొంతుతో పాడుతున్నారు. తీర్థానికొచ్చిన పిల్లలు కూడా జీళ్ళు నమలడం ఆపి చూస్తున్నారు. సరిగ్గా ఎనిమిదీ పదికి శ్రుతి పోయింది. తగ్గుతూ తగ్గుతూ పోలేదు. చిటుక్కున ఆగింది. గుడి వెనకాల జనరేటర్ చప్పుడు అప్పటిదాకా వినపడలేదు, అప్పుడు వినపడింది.

వయొలిన్ ఆయన నా వైపు కూడా చూడలేదు. కమాను ఒక్కసారి తిప్పి, సా, పా తీగలు రెండూ కలిపి ఖాళీగా లాగడం మొదలెట్టారు. ఆవిడ గొంతు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కంగారంతా నాకే. చూస్తే, సమయం అయిపోయిందన్న చిన్న పెట్టె ఒకటి రీపర్ (సింథ్‌ని లోపల పెట్టుకుని నడిపే రికార్డింగు సాఫ్ట్‌వేర్) విండో వెనకాల నక్కి ఉంది. సింథ్ తీసేసి మళ్ళీ పెట్టాను. అక్కడే రెండో తప్పు. శ్రుతి స్వరం ట్రాకులో లూప్ అవుతూనే ఉంది, దాన్ని ఆపలేదు. సింథ్ తెరుచుకోగానే దాని మొదటి డిఫాల్టు శబ్దంతో మోగింది. ఆ శబ్దం ఏమిటంటే, కింద నుంచి మొదలై ఫిల్టర్ తెరుచుకుంటూ పైకి లేచే బొంగురు గర్జన. కమిటీవాళ్ళు కట్టిన నాలుగు పెద్ద బాక్సుల్లోంచి అది ఘీంకారంలా లేచింది. ముందు వరసలో ఒక పసివాడు ఏడుపందుకున్నాడు.

కథ తెలిసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వల్లి ఒప్పుకోకపోతే కుమారస్వామి అన్నగారిని తలుచుకుంటాడు. వినాయకుడు ఏనుగై వస్తాడు. వల్లి భయపడి ముసలివాణ్ణి పట్టుకుంటుంది. ఆ ఘట్టం రావడానికి ఇంకా పావుగంట టైముంది. ఆవిడ పాట ఆపి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, "అదిగో! తమ్ముడు పిలవకముందే వచ్చేశాడమ్మా అన్నగారు! తొందరపడకయ్యా విఘ్నేశ్వరా, ఇంకా తేనె కూడా తాగలేదు!" అన్నారు. పందిరంతా నవ్వులు, చప్పట్లు. ఆ నవ్వుల్లో నేను కాగితం చూసుకుంటూ పద్నాలుగు బటన్లూ పెట్టేశాను. ఎప్పుడూ నిమిషం పట్టేది ఆ రోజు ఎంత పట్టిందో తెలియదు, చేతులు మాత్రం వణికాయి. అసలు ఏనుగు ఘట్టం వచ్చాక ఆవిడ నా వైపు చూసి కనుబొమ్మలెగరేశారు. ఇంకో ట్రాకులో సింథ్ రెండోసారి తెరిచి మళ్ళీ ఘీంకరింపజేశాను. ఈసారి ముందుగానే అనుకున్నట్టు.

కథ అయ్యాక తాంబూలం తీసుకుంటూ ఆవిడ, "ఏనుగు బాగుంది బాబూ. శ్రుతి మాత్రం ఇంకెప్పుడూ ఆపకు" అన్నారు.

ఆ రాత్రి పంటు దొరక్క అక్కడే ఉండిపోయి, నిద్ర పట్టక మిగతావాళ్ళ డెమోలు ఎలా ఉంటాయో ఫోన్లో చదివాను. పియానో శబ్దాల సాఫ్ట్‌వేర్ పియానోటెక్ ట్రయల్‌లో ఇరవై నిమిషాలే, పైగా అటు చివరా ఇటు చివరా కొన్ని మెట్లు పలకవు. యూ-హీ అనే కంపెనీ వాళ్ళ సింథ్‌లు ఆగవు గానీ కాసేపటి తర్వాత అప్పుడప్పుడు చిటపటమంటాయి. పాటలు కట్టే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ సేవ్ చేయనిస్తుంది, కొనేదాకా ఆ ఫైలు తెరవనివ్వదు. రీపర్ అయితే అరవై రోజులు అన్నీ ఇచ్చేసి, తర్వాత కొనమని గుర్తుచేస్తూ ఉంటుంది. వీటిలో నాకు నచ్చింది చిటపట. చెవికి ఇబ్బందే, కాదనను. పాడేవాళ్ళ కాళ్ళ కింద నేల మాత్రం లాగేయదు. ఉచితంగా ఇచ్చేవాడికి షరతులు పెట్టే హక్కుంది, దాని మీద నాకు గొడవ లేదు. మూలన చిన్న అంకె ఒకటి పెట్టి, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది అని తగ్గిస్తూ పోతే వాళ్ళ సొమ్మేం పోతుంది? బస్టాండులో సులభ్ కాంప్లెక్సువాడు కూడా లోపలికెళ్ళే ముందే రేటు చెబుతాడు.

సంక్రాంతి ఆఫర్లో చివరికి కొనేశాను, ఏడువేల చిల్లర. సేవ్ అవుతుంది, ఆగదు, రెండేళ్ళ నాటి కాగితం గోడకు వేలాడుతోంది. సుఖంగానే ఉందని రాయాలనుంది గానీ, పూర్తిగా కాదు. విండోస్ మళ్ళీ వేసుకోవాల్సొస్తే ఇన్ని కంప్యూటర్లకే అన్న లెక్కలో పాత యాక్టివేషన్ ఒకటి ఖర్చు రాసేశారు. మెయిల్ పెడితే నాలుగు రోజులకు జవాబొచ్చింది. ఆ నాలుగు రోజులూ ఉచితంగా దొరికే సింథ్ సర్జ్ ఎక్స్‌టీ వాడాను. సర్జ్ ఒకప్పుడు డబ్బులకు అమ్మినదే, 2018లో ఓపెన్ సోర్స్ చేశారు, అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. గడువు లేదు, చిటపట లేదు, అన్నీ సేవ్ అవుతాయి. స్కాలా ట్యూనింగ్ ఫైలు (ఏ స్వరం ఎంతలో ఉండాలో రాసిన పట్టిక) ఇస్తే స్వరస్థానాలన్నీ మనకు కావలసినట్టు మారుస్తుంది, పంచమం ఒక్కటే కాదు. ఇది రెండేళ్ళ క్రితమే తెలిసి ఉంటే ఆ ఏడువేలు షాపులో టోనర్‌కి పనికొచ్చేవి. కాకపోతే నా చెవి ఆ పాత శబ్దానికి అలవాటు పడిపోయింది. నాన్న కూడా సర్జ్ శ్రుతి విని "బాగానే ఉంది" అన్నారు గానీ తంబురా అని అనలేదు.

కాబట్టి ఇంట్లో సాధనకైతే ఈ డెమో ఇప్పటికీ మంచిదే అంటాను. స్టేజీ మీదకైతే తీసుకెళ్ళకండి. తప్పనిసరైతే సన్మానాలన్నీ అయ్యాకే సింథ్ తెరవండి. మీ ఊరి ప్రెసిడెంటుగారు మితభాషి అయితే నా అనుభవం మీకు వర్తించకపోవచ్చు. జెరాక్స్ షాపు లేనివాళ్ళకు పద్నాలుగు బటన్ల కాగితం పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో కూడా చెప్పలేను.

మొన్న ఆ కమిటీవాళ్ళు ఫోన్ చేశారు. ఈసారి షష్ఠికి కూడా ఆవిడ కథే, "ఏనుగుతో సహా వచ్చేయండి" అన్నారు. సరేనని పెట్టేశాక చూస్తే, కొన్న వెర్షన్ తెరవగానే మోగే శబ్దం ఏదో మెత్తటి గంట. ఏనుగు లేదు. డెమో మళ్ళీ దించుకుని చూశాను, కొత్త వెర్షన్‌లో అందులోనూ మార్చేశారు. అప్పట్లో సేవ్ చేద్దామన్నా అయ్యేది కాదు. స్క్రీన్‌షాట్ తీసి ప్రింటు కొట్టాలన్న ఆలోచన ఆ కంగారులో నాకు రానే లేదు. ఇప్పుడు సర్జ్‌లో కూర్చుని రోజూ రాత్రి ఫిల్టర్ తిప్పుతున్నాను. ప్రస్తుతానికి గేదె దాకా వచ్చింది.