వెంటిలేటెడ్ సీటు మజ్జిగ తాగితే

కారు పేరు రాయను. రాస్తే మాటంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దగ్గరే ఆగిపోతుంది. నా గొడవ సీట్లతో, అందులోనూ ముందు సీట్లకున్న చిల్లులతో. ఐదుగురు కూర్చునే మిడ్‌సైజ్ ఎస్‌యూవీ, పై వేరియంట్, లేత గోధుమరంగు సీట్లు. ఇంతవరకు తెలిస్తే చాలు. మైలేజీ, టచ్‌స్క్రీన్, సన్‌రూఫ్ గురించి ఇప్పటికే బోలెడుమంది రాశారు.

ముందు మంచి మాట. మేముండేది విజయవాడలో. మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్ వాటా దొరకలేదు కాబట్టి కారు గేటు బయట ఎండలోనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం తలుపు తీస్తే లోపలి వేడి మొహానికి కొడుతుంది. అమెరికాలో ఎండకు పేరుపడ్డ అరిజోనాలో చేసిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో సీట్లు సగటున 50 డిగ్రీలు దాటాయి, డ్యాష్‌బోర్డు 70కి దగ్గరపడింది. బెజవాడ వాళ్లకి ఆ లెక్క చూసి ఆశ్చర్యమేమీ ఉండదు. ఏసీ వేశాక కాసేపటికి మొహం చల్లబడుతుంది కానీ వీపు, తొడలు చల్లబడవు. అక్కడికి గాలి వెళ్లే దారి ఉండదు కదా.

వెంటిలేటెడ్ సీటు ఆ దారి ఇస్తుంది. సీటు లోపల చిన్న ఫ్యాన్లు, ఫోమ్‌లో గాలి పారడానికి కాలువలు, పైన చిల్లుల కవరు. ఇది ఏసీ కాదు, క్యాబిన్‌లో ఉన్న గాలినే ఆడిస్తుంది. అందుకే ఎక్కగానే ఆన్ చేస్తే పెద్ద ప్రయోజనం ఉండదు, ఏసీ పట్టుకున్నాక తెలుస్తుంది దాని విలువ. 2017లో హ్యుందాయ్ వెర్నాతో, 2019లో కియా సెల్టోస్‌తో ఈ సౌకర్యం మనలాంటి వాళ్ల బడ్జెట్‌లోకి దిగింది. కొత్తలో నా ఆనందానికి హద్దు లేదు. హైదరాబాద్ వెళ్తుంటే నందిగామ, చిల్లకల్లు, సూర్యాపేట దాటినా చొక్కా వీపుకి అంటుకోలేదు. మా బావమరిది కారు కొంటుంటే "ఏ ఫీచర్ వదులుకున్నా ఇది మాత్రం వదులుకోకు" అని పట్టుబట్టి చెప్పాను. ఆ సలహా ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లకి అంత గట్టిగా చెప్పను.

ఎందుకో చెప్తాను. కిందటి వేసవిలో హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్నాం. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. వదిన ఇచ్చి పంపిన మజ్జిగ స్టీలు బాటిల్లో ఉంది. ఉప్పు, అల్లం, ఇంగువ అన్నీ దట్టించిన మజ్జిగ. వెనక సీట్లో మా చిన్నోడు తాగి, మూత సరిగ్గా తిప్పకుండా ముందుకి అందించాడు. చిట్యాల దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బాటిల్ ఒరిగింది. సగం మా ఆవిడ చీర మీద, సగం సీటు మీద.

చిల్లుల్లేని మామూలు లెదరెట్ (తోలులా కనిపించే కృత్రిమ కవరు) సీటయితే అది వార్తే కాదు. ద్రవం పైనే నిలుస్తుంది, గుడ్డతో ఒత్తితే పోతుంది. అసలు పిల్లలున్న ఇంటికి లెదరెట్ మంచిదని అందరూ చెప్పేది అందుకే. చిల్లుల సీటు సంగతి వేరు. కారు పక్కకి ఆపి, డిక్కీలోంచి గుడ్డ తెచ్చేలోపు మజ్జిగ కనబడకుండా పోయింది. పైన తుడిస్తే సీటు కొత్తదానిలా మెరిసింది. మరకైనా లేదు, బతికిపోయాం అనుకున్నాం.

రెండు రోజులు ఎండలో నిలబడ్డాక మొదలైంది. తలుపు తీయగానే పుల్లటి వాసన. ఏసీ వేస్తే కాస్త తగ్గేది. సీటు ఫ్యాను వేస్తే మాత్రం నేరుగా ముక్కుకి కొట్టేది, ఎందుకంటే మా కారులో ఫ్యాను గాలిని పైకి ఊదుతుంది. కొన్ని కార్లలో కిందికి పీలుస్తుంది. నెయ్యిలో పోపు వేసి మరిచిపోయిన గిన్నె వాసనలాగా ఇంగువ, పులుపు కలిసి వచ్చేవి. నేను వేలాడదీసిన మల్లెపూల పర్‌ఫ్యూమ్ దాన్ని ఇంకా భరించలేనిదిగా చేసింది. గుడికి తీసుకెళ్దామని ఎక్కించుకుంటే అమ్మ లోపలికి తల పెట్టి "ఎవర్రా కారులో పెరుగు తోడుపెట్టింది?" అంది. నాన్న అద్దం దించి దారంతా బయటికే చూస్తూ కూర్చున్నారు.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఇంటీరియర్ క్లీనింగ్ ప్యాకేజీ చేశారు. నురగ స్ప్రే చేసి, బ్రష్‌తో రుద్ది, తుడిచి, మెరుగు పూసి ఇచ్చారు. ఆ నీళ్లు కూడా చిల్లుల్లోంచి లోపలికే వెళ్లాయి. ఎండిపోయిన మజ్జిగ మళ్లీ తడిసింది. మర్నాటికి వాసన రెట్టింపు. మళ్లీ వెళ్తే అడ్వైజర్ అబ్బాయి చాలా మర్యాదగా "సార్, కవరు వేరుగా, ఫోమ్ వేరుగా రావు. కుషన్ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. అతను చెప్పిన ధరకి మా ఇంట్లో కొత్త సోఫా వస్తుంది. వారంటీ వర్తించదు, ఒలికింది మన చేతిలోంచి కాబట్టి. అందులో అతని తప్పేమీ లేదు. కానీ పై వేరియంట్‌కి అంత ఎక్కువ పెట్టించుకున్నవాళ్లు, ఉతకడానికి వీలుగా విప్పే కవరు ఇవ్వకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి ఆటోనగర్‌లో కుషన్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి చేరాను. చూడగానే ఆయన అడిగింది వాసన గురించి కాదు, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న ట్యాగ్ గురించి. సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైరుకుండే పసుపు రంగు కనెక్టర్ చూపించి, "ఎలక్ట్రీషియన్ వచ్చి బ్యాటరీ తీసేదాకా నేను బోల్టు ముట్టుకోను బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. బ్యాటరీ వైరు తీసి, కాసేపు ఆగి, అప్పుడు నాలుగు బోల్టులు విప్పి సీటు బయటికి తీశారు.

కవరు అంచుల్ని ఫ్రేముకి, ఫోమ్‌కి పట్టి ఉంచే ఇనుప రింగులు ఉంటాయి. వాటిని కత్తిరించి కవరు వలిస్తే లోపల ఏముందో అప్పుడు చూశాను. ఫోమ్ మీద అరచేయంత మేర మజ్జిగ ఎండి అట్ట కట్టింది. గాలి కాలువల్లో బిస్కెట్ పొడి, వెంట్రుకలు, దుమ్ము. అంటే మజ్జిగ ఒలకకపోయినా ఆ చిల్లులు రోజూ ఏదో ఒకటి మింగుతూనే ఉన్నాయన్నమాట. ఫోమ్‌కి, కవరుకి మధ్య ఒక పల్చటి సెన్సర్ షీటు కూడా ఉంది. 2019 జూలై నుంచి ముందు సీట్లో ఇద్దరికీ బెల్టు రిమైండర్ తప్పనిసరి కదా, పక్క సీట్లో మనిషి ఉన్నాడా లేదా అని చూసేది అదే. దాన్ని మడత పడకుండా తీసి పక్కన పెట్టారు. ఫోమ్‌ని సబ్బునీళ్లలో, తర్వాత పాల మరకల కోసం దొరికే ఎంజైమ్ క్లీనర్‌లో నానబెట్టి, పిండి, నీడలో ఆరబెట్టారు. ఎండలో వేస్తే ఫోమ్ పసుపెక్కి పొడి రాలుతుందట. అది పూర్తిగా ఆరడానికి చాలా రోజులు పట్టింది. బిగించాక సీటు ఖాళీగా ఉన్నా బెల్టు పెట్టుకోమని బీప్ కొట్టింది. మళ్లీ విప్పి షీటు సర్దారు. మొత్తం ఖర్చు సర్వీస్ సెంటర్ అడిగిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు.

ఆ పెద్దాయన దగ్గర కూర్చున్నందుకు ఇంకో లాభం కలిగింది. కవరు తిరగేసి చూపించారు. పైన లెదర్ గీతలు, వెనక అల్లిన గుడ్డ. "అందరూ పైన చేత్తో రుద్ది చూస్తారు బాబూ. వెనక్కి తిప్పి చూసేవాడెవడు?" అన్నారు. మన దగ్గర ఇరవై లక్షల లోపు ఫ్యామిలీ కార్లలో చాలావరకు లెదరెట్టే, అంటే గుడ్డ మీద పీవీసీ గానీ పీయూ (పాలీయురేతేన్) గానీ, ఏదో ఒక ప్లాస్టిక్ పూత. బ్రోషర్‌లో ఆ మాట ఉంటుంది, షోరూంలో నోటితో మాత్రం లెదర్ అంటారు. నిజమైన లెదర్ ఉన్న ఖరీదైన కార్లలోనూ చాలాసార్లు మనం కూర్చునే భాగమే తోలు, పక్కలూ వెనకా వినైలే ఉంటుంది. ఆ తోలు మీద కూడా రంగు పూత ఉంటుంది కాబట్టి చేతికి తగిలేది ఆ పూతే. నీటి చుక్క వేసి చూస్తే తెలుస్తుందన్న చిట్కా కార్ల సీట్ల విషయంలో పనిచేయదు, పూత ఉన్న తోలు కూడా నీళ్లు పీల్చదు.

లెదరెట్ అంటే నాసిరకం అని నేను అనను. బెంజ్ వాళ్లు దశాబ్దాలుగా ఎంబీ-టెక్స్ పేరుతో కృత్రిమ సీట్లు ఇస్తున్నారు, గట్టితనానికి వాటికి మంచి పేరుంది. రకాన్ని బట్టి జబ్బు మారుతుంది, అంతే. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం వేడికి ఆవిరవుతూ పోతే కొన్నేళ్లకి అది బిరుసెక్కుతుంది. కొత్త కారులో ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర పట్టడానికి ఇలాంటి ఆవిర్లే కారణం. పీయూ చేతికి మెత్తగా ఉంటుంది కానీ వేడి, తేమ కలిస్తే పొరలు లేస్తుంది. కోస్తాలో ఉండేవాళ్లకి ఆ రెండూ పుష్కలం.

మా కారులో అరుగుదల కనబడుతున్న చోట్లు రెండు. నేను ఎక్కి దిగేటప్పుడు రాసుకునే డ్రైవర్ సీటు కుడి అంచు ముడతలు పడి మెరుపు తేలింది. వెనక హెడ్‌రెస్టులు నాన్న కొబ్బరినూనెకి జిగటగా, మిగతా సీటు కంటే ముదురుగా తయారయ్యాయి. అంచు అరుగుతుందని ఊహించాను కానీ హెడ్‌రెస్టు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వాటికి పాత బనీను గుడ్డతో తొడుగులు వేశాం. చూడ్డానికి బాగుండవు. కొత్త జీన్స్ నీలం, పసుపు చెయ్యి లేత రంగు సీటు మీద ఎలా కనిపిస్తాయో చెప్పక్కర్లేదు. కరోనా రోజుల అలవాటుకొద్దీ శానిటైజర్ పోసి తుడిస్తే మెరుపు పోయి తెల్లటి మచ్చ పడింది.

కవర్లు వేయించొచ్చు కదా అంటారు. చిల్లుల సీటు మీద కవరు వేస్తే ఫ్యానుకి పెట్టిన డబ్బు దండగ. ఇక సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు పక్కనుంచే పేలుతుంది. ఆ పక్క కుట్టు విడిపోయేలా తయారుచేసిన కవరు కాకపోతే అది అడ్డం పడుతుంది. షాపులో తొందరలో బిగించేవాళ్లు ఇది చూడరు.

వెనక సీటు గురించి అందరూ రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కుటుంబం కోసం కారు అంటాం గానీ సౌకర్యాలన్నీ ముందు ఇద్దరికే. ఎక్కి దిగడం మాత్రం మా అమ్మానాన్నలకి నిజంగా సుఖం. సీటు నడుం ఎత్తులో ఉంటుంది కాబట్టి మోకాళ్లు పట్టేయవు. అంతకుమించి మెచ్చుకోలేను. సీటు పొడవు తక్కువ, నాన్న తొడలకి ఆసరా చాలదు, నార్కట్‌పల్లి వచ్చేసరికి నడుం సర్దుకోవడం మొదలుపెడతారు. మధ్యలో కూర్చునేవాళ్ల వీపుకి మడిచిన ఆర్మ్‌రెస్ట్ గట్టిగా గుచ్చుకుంటుంది. పట్టుచీర కట్టుకుంటే లెదరెట్ మీద అమ్మ జారుతుంది, గట్టిగా బ్రేకు వేస్తే ముందు సీటు పట్టుకుంటుంది. మా పాత వ్యాగన్ఆర్ గుడ్డ సీట్లే నయం అని ఆవిడ తీర్పు. వెనక కూర్చున్నంతసేపు నాకూ అదే అనిపిస్తుంది. వెనక అద్దాలకి నల్ల ఫిల్ము వేయిద్దామంటే 2012లో సుప్రీంకోర్టు వద్దన్న దగ్గర్నుంచి పోలీసులతో గొడవ. అందుకని ఎండ పడేవైపు తువ్వాలు కట్టుకుని వెళ్తున్నాం.

ఇప్పుడు సీటు బాగానే ఉంది. ఫ్యాను మూడో స్పీడులో మాత్రం సన్నగా గరగర వినిపిస్తుంది. వాన పడి అద్దాలు మూసి ఉంచిన రోజు ఆ వాసన మళ్లీ వచ్చిందేమో అని నాకు అనుమానం. మా ఆవిడ అదంతా నా భ్రమ అంటుంది.

కొనబోయేవాళ్లకి నేను చెప్పగలిగింది నా పరిస్థితిని బట్టే. రోజూ ఎండలో కారు నిలిపి, ఎక్కువగా ఒక్కరే నడిపేవాళ్లయితే వెంటిలేటెడ్ సీటుకి పెట్టిన డబ్బు వృథా కాదు. నేనయితే మళ్లీ తీసుకుంటాను. సెల్లార్ పార్కింగ్ ఉండి, బడికెళ్లే పిల్లలుండి, ఊళ్లో తిరగడమే ఎక్కువైతే చిల్లుల్లేని సీట్లున్న కింది వేరియంట్ తీసుకుని, మిగిలిన డబ్బు వేరే వాటికి వాడుకోవచ్చు. టెస్ట్ డ్రైవ్‌లో సీటు మీద టిష్యూ పేపర్ పెట్టి ఫ్యాను ఫుల్‌లో వేసి చూడండి. అతుక్కుంటే పీలుస్తున్నట్టు, లేస్తే ఊదుతున్నట్టు. కవరు, ఫోమ్ విడివిడిగా అమ్ముతారా అని సర్వీస్ కౌంటర్లో ముందే అడగండి, సేల్స్ వాళ్లని కాదు. ఇంట్లో పెద్దవాళ్లని వెనక సీట్లో అరగంట కూర్చోబెట్టండి, షోరూంలో ఐదు నిమిషాలు చాలదు.

2025లో వచ్చిన కియా సైరోస్‌లో వెనక సీట్లకి కూడా ఫ్యాన్లు ఇచ్చారని తెలిసినప్పటినుంచి నాన్న ఆ మాట రెండుమూడుసార్లు ఎత్తారు. మా లోన్ ఇంకా తీరలేదు, పైగా మా చిన్నోడి చేతికి మజ్జిగ బాటిల్ ఇంకా ఇవ్వడం లేదు. అవి రెండూ ఒక దారికొచ్చాక చూద్దామన్నాను.