గేర్లకు తీగా, బ్యాటరీయా: రెండున్నరేళ్లు రెండూ తొక్కాక

విజయనగరంలో ఎవరితోనైనా "నా సైకిల్‌కి గేర్లు బ్యాటరీతో మారతాయి" అంటే, వెనక చక్రం దగ్గర మోటారు కోసం వెతుకుతారు. టైర్లకు గాలి కొట్టే పెద్దాయన ఒకరు చార్జింగ్ పెట్టే రంధ్రం చూసి, "తొక్కీది నువ్వే కదా బావూ, మరి సార్జింగేటి?" అన్నారు. నిజమే, తొక్కేది నేనే. బ్యాటరీ చేసే పనల్లా చైన్‌ను వెనక చక్రానికుండే ఒక పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, మీంచి పక్కదాని మీదికి జరపడం. అంత చిన్న పనికి నెల జీతం కంటే ఎక్కువే అదనంగా పెట్టాను కాబట్టి, లెక్క చెప్పాల్సింది కూడా నేనే.

నా దగ్గర రెండు రోడ్ బైకులు, అంటే రోడ్డు మీద వేగంగా తొక్కే రేసు సైకిళ్లు ఉన్నాయి. కేబుల్‌తో గేర్లు మారేదాన్ని 2018లో కొన్నాను. వెనక 11 స్ప్రాకెట్లు, ఇప్పటికి 22,000 కిలోమీటర్లు తిరిగింది. ఎలక్ట్రానిక్‌ది 2023 జనవరిలో వచ్చింది. వెనక 12, రెండున్నరేళ్లలో 14,000 దాటింది. కొత్తది వచ్చాక పాతది అమ్మేద్దామనుకున్నాను, అమ్మలేదు. నా గేర్ సెట్లు ఏ కంపెనీవో కావాలనే రాయడం లేదు. ఇక్కడ చెప్పేవి కొంచెం అటూఇటూగా ఎవరి సెట్‌కైనా వర్తిస్తాయి.

బ్యాటరీ గేర్లు నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఫ్రాన్స్‌కి చెందిన మావిక్ 1990ల్లోనే ప్రయత్నించింది, నిలబడలేదు. 2009లో షిమానో కంపెనీ రేసు సెట్ డ్యూరా-ఏస్‌కి డిఐ2 అనే బ్యాటరీ రకం వచ్చాకే రేసుల్లో పాతుకుపోయింది. 2011లో క్యాంపగ్నోలో, 2015లో వైర్‌లెస్‌గా స్రామ్ కంపెనీలవి వచ్చాయి. షిమానో మధ్యతరగతి రేసు సెట్టయిన 105లోకి దిగింది 2022లో. అప్పటిదాకా నాలాంటివాడు దాని గురించి చదవడమే తప్ప కొనే మాట లేదు.

కేబుల్ గేర్లలో హ్యాండిల్ దగ్గరి లివర్ నొక్కితే 1.2 మిల్లీమీటర్ల స్టీలు వైరు, చైన్‌ను పక్కకు జరిపే భాగమైన వెనక డెరైలర్‌ను లాగుతుంది, చైన్ పెద్ద స్ప్రాకెట్ ఎక్కుతుంది. తిరిగి చిన్నదాని మీదికి దిగాలంటే మన వేలు చేసేదేమీ లేదు. డెరైలర్‌లోని స్ప్రింగే ఆ వైరును తనవైపు లాక్కోవాలి. వైరుకి తొడిగే గొట్టం, అంటే ఔటర్ లోపల ఉప్పూ దుమ్మూ చేరితే మొదట ఓడిపోయేది ఆ స్ప్రింగే. అందుకే వైరు పాతబడుతున్నకొద్దీ పెద్ద స్ప్రాకెట్ల తేలిక గేర్లు బాగానే పడతాయి, చిన్నవాటి గట్టి గేర్లు మాత్రం పడేముందు ఒక క్షణం ఆలోచిస్తాయి. ఎలక్ట్రానిక్‌లో లివర్ అంటే ఇంట్లో లైటు స్విచ్ లాంటిదే. నొక్కితే డెరైలర్‌లోని చిన్న మోటారు కొలిచినట్టు అంతే దూరం జరుగుతుంది. మధ్యలో తుప్పు పట్టడానికి, ఇరుక్కోవడానికి ఏమీ లేదు.

మా వైపు ఈ తేడా తొందరగానే తెలుస్తుంది. నా ఆదివారం దారి నాతవలస దగ్గర హైవే ఎక్కి, పూసపాటిరేగ మీదుగా చింతపల్లి బీచ్. అక్కడ ఉప్పుగాలి, తిరుగుదారిలో ఎర్రమట్టి. పాత బైకుకి ఏడాదికి రెండుసార్లు వైరూ ఔటరూ మార్చాల్సిందే. దానికి వైర్లు ఫ్రేము బయటే ఉన్నాయి కాబట్టి అరగంట పని. ఇప్పుడొచ్చే ఫ్రేముల్లో చాలావాటికి వైర్లు హ్యాండిల్‌ బార్‌లోంచి, హ్యాండిల్ తిరిగే బేరింగులైన హెడ్‌సెట్‌లోంచి లోపలికి దూరిపోతున్నాయి. చూడ్డానికి నున్నగా ఉంటుంది. వైరుకి మాత్రం మలుపులెక్కువ, రాపిడెక్కువ, మార్చాలంటే ఒక పూట పోతుంది. అలాంటి బైకున్న మిత్రుడూ నేనూ మా వరండాలో కూర్చుని వైరు దూరుస్తుంటే, మా ఆవిడ రెండుసార్లు భోజనానికి పిలిచి, మూడోసారి పిలవడం మానేసింది. ఎలక్ట్రానిక్ గేర్లకు అంత డబ్బు ఎందుకు పెట్టొచ్చో నాకు అర్థమైంది ఆ వరండాలోనే.

కొత్త బైకుకి ఇన్నాళ్లలో గేర్లు సర్దింది రెండేసార్లు. ఒకటి చక్రాలు మార్చినప్పుడు. రెండోది రామతీర్థం దారిలో మేకపిల్ల అడ్డొచ్చి కుడివైపు పడ్డాక. మేకకేం కాలేదు. నేను లేచి లివర్ నొక్కితే వెనక గేరు ఒక్కటీ కదల్లేదు. డబ్బంతా రోడ్డుపాలైందనుకున్నాను. దెబ్బ తగిలినప్పుడు మోటారు పాడవకుండా డెరైలర్ తనంతట తానే పట్టు వదిలేస్తుందట. దాని మీదున్న బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి పెడల్ తిప్పితే మళ్లీ పట్టుకుంటుంది. మాన్యువల్‌లో ఉంది. ముందే చదివి ఉంటే ఆ అరగంట టెన్షన్ తప్పేది. డెరైలర్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోతే మాత్రం మోటారున్నా చేసేదేమీ లేదు, షాపుకి తీసుకెళ్లి నిటారు చేయించాల్సిందే.

ఇక నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టిన రోజులు. రెండింటికీ ఒక్కోటి ఉన్నాయి.

పాత బైకు వంతు 2021లో వచ్చింది. రెండు వారాలుగా గేరు ఆలస్యంగా పడుతోంది, ఒక్కోసారి రెండు క్లిక్కులు నొక్కితే గాని కదలడం లేదు. లివర్ లోపల వైరు మలుపు తిరిగే చోట ఒక్కో పోగూ తెగుతోందని దానర్థం. తెలిసీ వచ్చే ఆదివారం చూద్దామనుకున్నాను. పూసపాటిరేగ చేరేలోపే తెగింది. వైరు తెగితే స్ప్రింగ్ చైన్‌ను అన్నిటికంటే చిన్న స్ప్రాకెట్ మీదికి లాగేస్తుంది, అంటే అన్నిటికంటే గట్టి గేరు. అక్కడున్న సైకిల్ షాపాయన బైకు చూసి, "దీనికి మా దగ్గిర ఏటీ దొరకదు బావూ" అనేశారు. పిల్లల గేర్ సైకిల్‌కి వేసే వైరు ఉందా అన్నాను. ఉంది. దాని చివర గుండూ, నా లివర్‌లో కూర్చునే గుండూ ఒకటే కొలత! లివర్‌లో ఇరుక్కున్న తెగిన ముక్కను దబ్బనంతో బయటికి తీయడానికే ముప్పావుగంట పట్టింది. పనంతా నేనే చేసుకున్నానని ఆయన వైరు డబ్బులే తీసుకున్నారు. తుప్పు పట్టే రకం వైరే, అయినా నెలన్నర నడిచింది.

కొత్త బైకు 2024 డిసెంబర్‌లో ఆగింది. అనంతగిరి ఘాట్ ఎక్కుదామని తెల్లవారుజామునే బయల్దేరాను. శృంగవరపుకోట దాకా ఏ ఇబ్బందీ లేదు. కాశీపట్నం దాటి ఎత్తు మొదలవుతుంటే పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం, అంటే ముందు చైన్‌రింగ్ మార్చబోయాను, కదల్లేదు. బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు నా సెట్‌లో మొదట ఆగేది ముందు డెరైలర్. మిగిలిన కాస్త చార్జ్ వెనక గేర్ల కోసం దాచిపెడుతుంది. మంచి ఏర్పాటే గాని, ఆ సమయానికి నా చైన్ 50 పళ్ల పెద్ద రింగ్ మీద ఉంది. ఆ పళ్లతో అనంతగిరి ఎక్కే కాళ్లు నావి కావు. శృంగవరపుకోటకు వెనక్కి దిగాను. ఫోన్ చార్జర్ లేని టీ కొట్టు ఒక్కటీ కనబడలేదు, నా సైకిల్‌కి పట్టే పిన్ను ఉన్న కొట్టు కూడా ఒక్కటీ కనబడలేదు. ఆ చార్జింగ్ వైరు ఇంట్లో టీవీ పక్కన ఉంది. పెద్ద రింగ్ మీదే తొక్కుకుంటూ ఇల్లు చేరాను.

తప్పు రెండుసార్లూ నాదే. కాకపోతే తెగబోయే వైరు రెండు వారాలు సణిగింది. అడుగంటుతున్న బ్యాటరీ చివరిదాకా కొత్తదానిలాగే పనిచేసింది. ఎర్రలైటు వెలిగే ఉంటుంది. నేను రోడ్డు చూస్తానా, లైటు చూస్తానా?

అప్పట్నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున చార్జింగ్ పెడుతున్నాను. నాకు ఒక చార్జింగ్ 800, 900 కిలోమీటర్లు వస్తోంది. నెలకు తొక్కేది 500 లోపే, అంటే సరిపోగా మిగులుతుంది. "తుఫానొచ్చి కరెంటు పోతే?" అని ఆఫీసులో ఒకరు అడిగారు. 2014లో హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం కాబట్టి ఆ భయం న్యాయమైనదే. కానీ నెలకోసారి పెట్టే చార్జింగ్‌కి ఒక వారం కరెంటు పోతే వచ్చే నష్టం లేదు. నిజంగా తిప్పలు పెట్టింది లివర్లలో వేసే బిళ్ల బ్యాటరీ. నా లివర్లకు సిఆర్1632 కావాలి. గంటస్తంభం చుట్టుపక్కల వాచీ కొట్లలో 2032 అడిగితే వెంటనే తీసిచ్చారు, 1632కి మూడు కొట్లు తిరిగాను. దొరికినప్పుడు నాలుగు కొని పెట్టుకున్నాను. మీరు వేరే సెట్ కొంటుంటే ఏ బిళ్ల పడుతుందో ముందే కనుక్కోండి.

తొక్కేటప్పుడు తేడా ఉంది, కాని చాలామంది అనుకునే చోట లేదు. నా వేగం పెరగలేదు. బరువులో చెప్పుకోదగ్గ తేడా తెలియదు. ముందు చైన్‌రింగ్ మార్చడంలోనే సుఖమంతా ఉంది. పాతదానిలో పెద్ద రింగ్ ఎక్కించాలంటే లివర్‌ను మణికట్టుతో సహా తోయాలి. కొత్తదానిలో ఎక్కుడులో కాలి బలం తగ్గించకుండానే, ఒక చిన్న నొక్కుతో ఎక్కుతుంది. వెనక గేర్లు మారుతున్నకొద్దీ చైన్ రాసుకోకుండా ముందు డెరైలర్ తానే సర్దుకుంటుంది. 100 కిలోమీటర్లు తొక్కిన రోజు సాయంత్రం ఆ తేడా చేతికి తెలుస్తుంది.

నచ్చనిది కూడా ఉంది. రెండు బటన్లూ పక్కపక్కనే, ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వానలో వేళ్లు తడిసినప్పుడు తేలిక గేరు అనుకుని గట్టిది నొక్కిన సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి. పాత లివర్‌ను తోస్తే 'టక్' మని చేతికి కబురు వస్తుంది, ఇక్కడ మోటారు 'జుయ్' మంటుంది అంతే. ముందు, వెనక గేర్లు కలిపి మార్చే సదుపాయం వారం వాడి తీసేశాను. నేను అడగని గేరు నా కాళ్ల కింద పడటం నాకు నచ్చలేదు. ఈ గేర్ల సెట్టింగులు మార్చే యాప్ ఫోన్‌లో ఉంది, ఏడాదికి రెండుసార్లు తెరుస్తాను.

శ్రీకాకుళంలో ఉండే మా మేనల్లుడు మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, ఏది కొనమంటావ్?" అన్నాడు. వాడికి ఒకటే సైకిల్, అప్పు చేసి కొంటున్నాడు, సెలవుల్లో టెక్కలి, పలాస దాకా ఒంటరిగా తిరుగుతాడు. కేబుల్‌ది తీసుకోమన్నాను, వైర్లు బయట కనిపించే ఫ్రేము చూసుకోమన్నాను, సీటు కింద సంచిలో ఒక గేర్ వైరు పెట్టుకోమన్నాను. అదే వారం ఆఫీసులో మణికట్టు నొప్పితో బాధపడే సీనియర్ ఒకరు అడిగితే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే ఎలక్ట్రానిక్ తప్ప వేరేది చూడొద్దని చెప్పాను. ఆయన నా బైకు మీద శృంగవరపుకోట దాకా వెళ్లొచ్చి బుక్ చేసేశారు. చార్జింగ్ వైరు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం రెండుసార్లు చెప్పి పంపాను.