సెంగ్ పేరెంట్ గ్రూప్: చేరే ముందు తెలుసుకోవలసినవి

చావు గురించి ఆలోచిస్తూ రాత్రంతా మేలుకునే ఆరేళ్ల పిల్ల, ఒక్క అక్షరం వంకరపోయిందని కాగితం చింపేసే పిల్లాడు. ఈ బాధ చెప్పుకోబోతే "అంత తెలివైన పిల్లలుంటే మీకేం కష్టమండీ" అంటారు. అలాంటి తల్లిదండ్రుల కోసమే సైకాలజిస్టు జేమ్స్ వెబ్ 1981లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డేటన్‌లో, రైట్ స్టేట్ యూనివర్సిటీలో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడు ఒక మేధావి కుర్రాడు ఆత్మహత్య చేసుకోవడం దానికి ప్రేరణ. దాని పేరు సపోర్టింగ్ ఎమోషనల్ నీడ్స్ ఆఫ్ ది గిఫ్టెడ్ (అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్ల భావోద్వేగ అవసరాలకు అండ), పొట్టిగా సెంగ్.

సెంగ్ పేరెంట్ గ్రూపులో పది నుంచి ఇరవై మంది తల్లిదండ్రులు, చర్చ నడిపేందుకు శిక్షణ పొందిన ఇద్దరు ఫెసిలిటేటర్లు ఉంటారు. వారానికోసారి, గంటన్నర నుంచి రెండు గంటలు, మొత్తం ఎనిమిది నుంచి పది వారాలు. ఇద్దరెందుకంటే, ఒకరు చర్చ నడుపుతుంటే రెండోవారు నోరు మెదపని వాళ్లను, కళ్లు చెమర్చినవాళ్లను గమనిస్తారు. ఫెసిలిటేటర్ పాఠం చెప్పడం మొదలుపెడితే ఈ పద్ధతి అక్కడే చెడిపోతుంది. సలహా సాటి తల్లి నోట వచ్చినప్పుడే ఇంటికెళ్లి ప్రయత్నించబుద్ధవుతుంది.

మాకు అన్నిటికన్నా నచ్చింది విషయాల వరస. ముందు పిల్లల లక్షణాలు, తరవాత వాళ్లతో మాట్లాడే తీరు, ఆపైన చదువు మీద ఆసక్తి. క్రమశిక్షణ వాటి తరవాతే. చాలామంది మొదటి రోజే "మాట వినడం లేదు, ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. కానీ మాటలు తెగిపోయిన ఇంట్లో పెట్టిన నియమం మరో వాదనకు దారి తీస్తుంది, వాదనలో ఈ పిల్లలు పెద్దవాళ్లను ఇట్టే ఓడిస్తారు. అందుకే ముందుగా ఇచ్చే అభ్యాసం చాలా చిన్నది: రోజూ ఐదు నిమిషాలు, ఒక్కో బిడ్డతో విడివిడిగా, ఏం చెయ్యాలో బిడ్డే చెప్పాలి. ఆ ఐదు నిమిషాల్లో ఫోను, హోంవర్కు ప్రస్తావన, దిద్దుబాట్లు ఉండకూడదు. ఆదివారం గంటసేపు కూర్చోవడం దీనికి సాటి రాదు, తప్పకుండా రోజూ జరగడంలోనే దాని బలం.

గ్రూపు పాడయ్యేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకరు తమ బిడ్డ ఐక్యూ (తెలివి పరీక్ష స్కోరు) చెబితే తక్కినవాళ్లు కూడా చెప్పాలనుకుంటారు, ఇక ఆ రోజు ఎవరూ తమ భయం బయటపెట్టరు. స్కోర్ల ఊసు వద్దని తొలిరోజే గట్టిగా చెప్పాలి. రెండోది బడి మీద ఫిర్యాదులు. అవి నిజమే కావచ్చు, కానీ ఇంట్లో చెయ్యగలిగే పని గురించి మాట్లాడే సమయాన్ని మింగేస్తాయి. మూడోది, దంపతుల్లో ఒక్కరే రావడం. విన్నది ఇంటికెళ్లి చెబితే రెండోవారికి అది ఉపదేశంలా తోస్తుంది. వీలైతే ఇద్దరూ రండి. మధ్యలో కొత్తవాళ్లను చేర్చుకునే గ్రూపు కంటే మొదటి వారం చేరినవాళ్లతోనే సాగేది మేలు, నాలుగో వారానికిగాని నమ్మకం కుదరదు.

ఒక అభ్యంతరం. ఇలాంటి పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్లలో 'ఓవర్ ఎక్సైటబిలిటీ' అనే మాట తరచు వినిపిస్తుంది. పోలండ్ సైకాలజిస్టు దబ్రోవ్‌స్కీ చెప్పిన ఐదు రకాల తీవ్ర స్పందనలివి. పిల్లల్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, కానీ దాన్ని ప్రతిభకు రుజువుగా తీసుకోవడానికి పరిశోధన గట్టిగా మద్దతివ్వదు. కుదురులేని ప్రతి చేష్టకూ ఆ పేరు పెడితే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం), ఆటిజం, డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది) పట్టించుకోకుండా పోయే ప్రమాదం ఉంది. తెలివితో పాటు ఇవీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు గ్రూపుతో సరిపెట్టుకోకుండా నిపుణులతో పరీక్ష చేయించాలి.

ఇది చికిత్స కూడా కాదు. బిడ్డ బతకాలని లేదన్నా, తనను తాను గాయపరచుకుంటున్నా వచ్చే వారం సెషన్ దాకా ఆగొద్దు, ఆ రోజే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.